బ్రేక్ పెడల్ అదురు

బ్రేక్ తొక్కినప్పుడు పెడల్ పాదం కింద ఒకే లయలో ఎగసి పడుతూ ఉండటాన్ని బ్రేక్ పెడల్ అదురు అంటారు. ఇది చక్రం తిరిగే వేగాన్ని అనుసరించి ఉంటుంది. కారు వేగంగా పోతున్నప్పుడు సన్నటి వణుకులా మొదలవుతుంది. వేగం తగ్గేకొద్దీ నెమ్మదిస్తూ, ఆగబోయే ముందు ఒక్కో తన్నూ విడిగా తెలుస్తుంది. మెకానిక్ షెడ్లలో దీన్ని ‘పెడల్ కొడుతోంది’, ‘బ్రేక్ వైబ్రేషన్’ అంటారు. ‘డిస్క్ బెండ్ అయింది’ అనే మాట కూడా వినిపిస్తుంది గాని, చాలా కార్లలో అసలు లోపం అది కాదు (చూడండి: కారణాలు).

పెడల్‌తో పాటు స్టీరింగ్ ఊగవచ్చు, సీటు కింద నేల వణకవచ్చు. బ్రేక్ మీద కాలు లేకుండా వచ్చే వణుకు మాత్రం ఈ కోవలోకి రాదు. అది టైరు, రిమ్ము, వీల్ బ్యాలెన్సింగ్‌లకు సంబంధించిన లోపం. ఈ వ్యాసం హైడ్రాలిక్ బ్రేకులున్న కార్లకే పరిమితం. గాలి బ్రేకులతో నడిచే లారీలు, బస్సుల నిర్మాణం వేరు.

చరిత్ర

కార్లలో డ్రమ్ బ్రేక్ ఆధునిక రూపాన్ని ఫ్రాన్స్‌లో లూయీ రెనో 1902లో తీసుకువచ్చాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేక్‌కు పేటెంటు పొందాడు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. అప్పటి నుంచి పెడల్‌కూ చక్రానికీ మధ్య కడ్డీలు, తీగల స్థానంలోకి బ్రేక్ ఆయిల్ వస్తూ పోయింది. ద్రవం దాదాపు కుదించుకుపోదు కాబట్టి కాలి బలాన్ని నాలుగు చక్రాలకూ సమానంగా పంచుతుంది, చక్రం దగ్గరి కదలికను అంత నమ్మకంగానూ కాలికి తిరిగి చేరవేస్తుంది.

డ్రమ్ముల కాలంలో అదురుకు ప్రధాన కారణం డ్రమ్ గుండ్రదనం కోల్పోవడం. 1953లో లె మాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో మార్కెట్లోకి వచ్చింది. ఆ తరువాత ముందు డిస్కు, వెనక డ్రమ్ము అనే అమరిక స్థిరపడింది. మన దేశంలో చిన్న కార్లు ఎక్కువగా ఇప్పటికీ ఈ అమరికతోనే వస్తున్నాయి.

లోపం వెనకున్న శాస్త్రంలో రెండు మెట్లు చెప్పుకోదగ్గవి. రాపిడి వేడికి ఉపరితలం కొన్ని చోట్ల ఉబ్బి, ఉబ్బినచోటే రాపిడి పెరిగి మరింత వేడెక్కే ప్రక్రియను జె.ఆర్. బార్బర్ అనే పరిశోధకుడు 1969లో గణితపరంగా వివరించాడు. అమెరికన్ రేసింగ్ ఇంజనీరు కారల్ స్మిత్, వంగిపోయాయని జనం అనుకునే డిస్కుల్లో ఎక్కువ భాగం వంగలేదని, వాటి మీద ప్యాడ్ పదార్థం ఎగుడుదిగుడుగా అంటుకుందని వాదించాడు. వంకర అసలే ఉండదని ఆయన వాదన తాత్పర్యం కాదు. కొలవకుండా వంకర అని తేల్చవద్దన్నదే దాని సారం.

1978లో మెర్సిడెస్-బెంజ్ కార్లలో బాష్ తయారీ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) రావడంతో పెడల్ అదరడానికి మరో కారణం తోడైంది. ఇది లోపం కాదు, పనితీరులో భాగమే. భారత్‌లో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి.

అదురు పుట్టే తీరు

పెడల్ తొక్కితే ఆ బలం వాక్యూమ్ బూస్టర్ సాయంతో మాస్టర్ సిలిండర్‌ను చేరుతుంది. అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్ ద్వారా కాలిపర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు అదుముతుంది. తేలే రకం కాలిపర్ ఎదురు బలంతో జరిగి బయటి ప్యాడ్‌ను కూడా లాగి అదుముతుంది. డిస్క్ రెండు ప్యాడ్ల మధ్య నలుగుతూ తిరుగుతుంది.

డిస్క్ మందం చుట్టూ ఒకేలా ఉంటే పిస్టన్ కదలకుండా ఉంటుంది. ఒకచోట మందం ఎక్కువైతే, ఆ భాగం ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడు పిస్టన్ వెనక్కి జరుగుతుంది, ఆయిల్ మాస్టర్ సిలిండర్ వైపు పోతుంది, పెడల్ పైకి లేస్తుంది. పలుచని భాగం వచ్చినప్పుడు పెడల్ దిగుతుంది.

ఈ తేడా ఎంత చిన్నదైనా పెడల్ దగ్గర పెరిగి కనిపిస్తుంది. 54 మి.మీ. వ్యాసమున్న పిస్టన్, 20.6 మి.మీ. మాస్టర్ సిలిండర్, 4 రెట్ల పెడల్ నిష్పత్తి ఉన్న కారును తీసుకుంటే, రెండు సిలిండర్ల వైశాల్యాల నిష్పత్తి దాదాపు 6.9. డిస్క్ మందంలో 0.02 మి.మీ. తేడా ఉంటే పెడల్ దగ్గర అది అర మిల్లీమీటరుకు పైగా కదలికవుతుంది. చక్రం సెకనుకు పదిసార్లు తిరిగితే ఆ అర మిల్లీమీటరు పదిసార్లు తన్నుతుంది. దాన్ని పాదం తేలిగ్గా పసిగడుతుంది.

తన్నుల వేగాన్ని కూడా లెక్కగట్టవచ్చు. సుమారు 1.9 మీటర్ల చుట్టుకొలత ఉన్న టైరు గంటకు 100 కి.మీ. వేగంలో సెకనుకు 14 నుంచి 15 చుట్లు తిరుగుతుంది, 50 కి.మీ. దగ్గర ఏడు చుట్లకు కాస్త పైన. మందం ఒకేచోట ఎక్కువగా ఉంటే చుట్టుకో తన్ను, ఎదురెదురుగా రెండుచోట్ల ఉంటే రెండు తన్నులు వస్తాయి.

డిస్క్ ఊగు

డిస్క్ మందం సమంగా ఉండి, తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగడం వేరే లోపం. మెకానిక్కులు దీన్ని రనౌట్ అంటారు. తేలే కాలిపర్ ఆ ఊగును అనుసరించి తానూ జరుగుతుంది కాబట్టి మొదట్లో పెడల్ అదరదు. కానీ బ్రేక్ వేయని సమయంలో ఊగుతున్న డిస్క్ అంచు ప్రతి చుట్టులోనూ ప్యాడ్‌కు తగులుతూ ఉంటుంది. ఒక వైపున ఎత్తున్న చోటా, రెండో వైపున దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చోటా మెల్లగా అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఊగు కాస్తా మందం తేడాగా మారుతుంది. కొత్త డిస్కులు వేశాక మొదట్లో బాగుండి, కొన్ని నెలలకు మళ్లీ మొదలైందనే ఫిర్యాదుకు మూలం ఎక్కువగా ఇదే. డిస్క్ మారినా ఊగును పుట్టించిన హబ్ మారలేదు.

తయారీదారులు పెట్టే పరిమితులు కారు కారుకూ మారుతాయి. డిస్క్ ఊగుకు చాలాచోట్ల 0.05 మి.మీ. పరిమితి కనిపిస్తుంది, కొందరు 0.1 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. మందం తేడాకు 0.01 నుంచి 0.015 మి.మీ. దాకానే అనుమతి. ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

రకాలు

చల్లని అదురు: బండి తీసిన వెంటనే, తేలికగా బ్రేక్ వేసినా వస్తుంది. మందం తేడా, తుప్పు, అంటుకున్న ప్యాడ్ పదార్థం దీనికి కారణాలు. షెడ్డుకు వచ్చే కార్లలో అధిక భాగం ఈ రకమే.

వేడి అదురు: గట్టిగా లేదా చాలాసేపు బ్రేక్ వేశాకే కనిపించి, చల్లారాక తగ్గిపోతుంది. డిస్క్ మీద వరుసగా వేడి మచ్చలు ఏర్పడటం వల్ల ఒక్కో చుట్టుకు చాలా తన్నులు పడి, పాదానికి వణుకుగా కంటే చెవికి గుర్రుమనే మోతగా ఎక్కువ తెలుస్తుంది. చల్లారిన డిస్క్‌ను కొలిస్తే ఏ తేడా దొరకకపోవచ్చు. నీలిరంగు మచ్చలే ఆధారం.

డ్రమ్ అదురు: వెనక డ్రమ్ములు గుండ్రదనం తప్పినప్పుడు వస్తుంది. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, నేల వణుకుతాయి.

ఏబీఎస్ అదురు: తడి రోడ్డు మీదో, ఇసుక మీదో గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ వాల్వులు తెరుచుకుని మూసుకోవడం వల్ల పెడల్ వేగంగా టకటకమంటుంది. ఇది చక్రం లయను అనుసరించదు. అప్పుడు కాలు తీయకుండా తొక్కే ఉంచాలి. పొడి రోడ్డు మీద మామూలుగా ఆగేటప్పుడు, అదీ గంటకు 5 నుంచి 15 కి.మీ. మధ్య వేగంలో ఇలా జరిగితే అది లోపమే. చక్రం వేగాన్ని కొలిచే పళ్ల రింగు పగలడం, సెన్సార్ కింద తుప్పు చేరి అది పైకి లేవడం దీనికి సాధారణ కారణాలు.

కారణాలు

చక్రం నట్లు అసమానంగా బిగించడం. ఇప్పటి చాలా కార్లలో డిస్క్ హబ్‌కూ చక్రానికీ మధ్య ఇరికి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది చక్రం నట్లే. పంక్చర్ షాపులో గాలి గన్నుతో ఒక నట్టు మితిమీరి, మరొకటి తక్కువగా బిగిస్తే డిస్క్ మధ్య భాగం మెలిపడుతుంది. వీల్ స్పానర్ మీద ఎక్కి తొక్కి బిగించడం కూడా అంతే. చిన్న కార్లకు చాలావరకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు చాలు. అదురు మొదలవడానికి ముందు టైర్లు మార్చడమో, పంక్చర్ వేయించడమో జరిగిందని తేలితే అనుమానం ముందుగా నట్ల మీదికే పోవాలి.

హబ్ మీద తుప్పు. 140 మి.మీ. వెడల్పున్న హబ్ అంచున 0.03 మి.మీ. తుప్పు పొర ఇరుక్కుంటే, దాని మీద కూర్చున్న 240 మి.మీ. డిస్క్ అంచు దగ్గర అది 0.05 మి.మీ. ఊగవుతుంది. కొత్త డిస్క్‌కు ఆ ఒక్క పొరతోనే పరిమితి నిండిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర నగరాల్లో ఉప్పుగాలి వల్ల ఈ తుప్పు త్వరగా చేరుతుంది.

ప్యాడ్ పదార్థం అంటుకోవడం. బాగా వేడెక్కిన బ్రేకులతో ఆగి, పెడల్‌ను అలాగే తొక్కిపట్టి ఉంచితే ప్యాడ్ ఆకారంలో పలుచని పొర డిస్క్ మీద అచ్చుపడుతుంది. ఆ చోట పట్టు ఎక్కువై వేడి కూడా ఎక్కువవుతుంది. వేడి సుమారు 650 డిగ్రీల సెల్సియస్ దాటితే పోత ఇనుములో కొంత భాగం సిమెంటైట్ అనే గట్టి రూపంలోకి మారుతుంది. అది చుట్టూ ఉన్న ఇనుముకంటే నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి లేత్ మీద పైపైన తీసినా మచ్చ మళ్లీ తేలుతుంది.

నిలిపి ఉంచడం. వానలో తడిసిన కారును వారాల తరబడి కదపకుండా ఉంచితే ప్యాడ్ కింద ఉన్న భాగం ఒక రకంగా, బయట ఉన్న భాగం మరో రకంగా తుప్పు పడుతుంది. కొత్త తుప్పయితే కొన్ని బ్రేకులకు పోతుంది. గుంటలు పడితే పోదు.

పట్టేసిన కాలిపర్. జారుడు పిన్నుల్లో గ్రీజు ఎండిపోయినా, పిస్టన్ దుమ్ము కవరు చిరిగి నీరు చేరినా ప్యాడ్ వెనక్కి రాకుండా డిస్క్‌ను రుద్దుతూనే ఉంటుంది.

వీల్ బేరింగ్‌లో ప్లే, హబ్ వంగడం, నాసిరకం డిస్క్ పోతలో రెక్కల మందం సమంగా లేకపోవడం కూడా కారణాలే. వేడిగా ఉన్న డ్రమ్ మీద హ్యాండ్ బ్రేక్ బిగించి వదిలేస్తే చల్లారేటప్పుడు డ్రమ్ కోడిగుడ్డు ఆకారానికి మొగ్గుతుంది. అరిగిన సస్పెన్షన్ బుష్‌లు అదురును పుట్టించవు గాని, ఉన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తాయి.

లోపం గుర్తించే విధానం

పరీక్ష డ్రైవరును అడగడంతో మొదలవుతుంది: ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏ పని చేయించారు, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా. తరువాత ఖాళీ రోడ్డు మీద 80 కి.మీ. వేగం నుంచి 20 దాకా తేలికగా బ్రేక్ వేస్తూ చూడాలి. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు అనేది మొదటి అంచనా మాత్రమే. లివరుతో లాగే హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లలో ఒక పరీక్ష ఉంది. 40 కి.మీ. వేగంలో, వెనక వాహనాలేవీ లేనప్పుడు, బటన్ నొక్కే ఉంచి మెల్లగా లాగాలి. కారు కుదుపులతో నెమ్మదిస్తే లోపం వెనక ఉంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లకు ఇది పనికిరాదు.

ఏబీఎస్ మీద అనుమానం ఉంటే దాని ఫ్యూజు తీసి సురక్షితమైన చోట తక్కువ వేగంలో పరీక్షిస్తారు. అదురు మాయమైతే సెన్సార్లు, పళ్ల రింగులు చూడాలి. పరీక్ష కాగానే ఫ్యూజు తిరిగి పెట్టాలి.

చక్రం విప్పే ముందు టార్క్ రెంచితో నట్ల బిగువు చూడటం చాలామంది వదిలేసే మెట్టు. ఒకసారి విప్పాక ఆ ఆధారం పోతుంది. తరువాత కారును ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి బేరింగ్ ప్లే చూస్తారు. బేరింగ్ వదులుగా ఉంటే మిగతా కొలతలు దేనికీ పనికిరావు.

చక్రం తీశాక డిస్క్‌ను వాషర్లు వేసిన నట్లతో హబ్‌కు బిగించి, అయస్కాంతపు స్టాండు మీద డయల్ గేజ్ నిలిపి, డిస్క్ బయటి అంచుకు సుమారు 10 మి.మీ. లోపల మొన ఆనించి ఒక పూర్తి చుట్టు తిప్పుతారు. ముల్లు చూపే గరిష్ఠ, కనిష్ఠ అంకెల తేడాయే ఊగు. మందాన్ని మైక్రోమీటరుతో చుట్టూ కనీసం ఎనిమిది చోట్ల, అంచు నుంచి ఒకే దూరంలో కొలుస్తారు. వెర్నియర్ ఈ పనికి చాలదు. అది 0.02 మి.మీ. కంటే సన్నగా చదవలేదు, పైగా అరగని అంచు గట్టు మీద దాని దవడలు కూర్చుని తప్పు చూపిస్తుంది.

ఊగు ఎక్కువగా ఉంటే అది డిస్క్‌దో హబ్‌దో తేల్చాలి. ఎత్తున్న చోట డిస్క్ మీదా, హబ్ మీదా సుద్దతో గుర్తు పెట్టి, డిస్క్‌ను తీసి బోల్టు రంధ్రాల ప్రకారం మరో స్థానంలో కూర్చోబెట్టి మళ్లీ కొలుస్తారు. ఎత్తు డిస్క్ గుర్తుతో పాటు జరిగితే లోపం డిస్క్‌లో, హబ్ గుర్తు దగ్గరే ఉండిపోతే హబ్‌లో. ఈ మెట్టుకు పట్టేది కొద్ది నిమిషాలే. దీన్ని దాటేస్తే అవసరం లేని డిస్కులకు డబ్బు పోస్తారు.

మరమ్మతు

శుభ్రపరచడం, సరిచూసి కూర్చోబెట్టడం. హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో, స్టడ్ల చుట్టూ సన్న ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా శుభ్రం చేస్తారు. ఊగు ఇంకా మిగిలితే డిస్క్‌ను ఒక్కో రంధ్రం జరుపుతూ కొలిచి, తక్కువ వచ్చిన స్థానంలో బిగిస్తారు. అప్పటికీ సరిపోకపోతే ఒకవైపు పలుచగా ఉండే సర్దుబాటు పళ్లెం హబ్‌కూ డిస్క్‌కూ మధ్య వేసే పద్ధతి కూడా ఉంది.

ప్యాడ్ పొర తొలగింపు. పలుచని మచ్చలను ఎమెరీతో రుద్ది, ప్యాడ్ల పై పొర తీసి, మళ్లీ నలిపితే (చూడండి: నలిపే పని) పోవచ్చు. నీలి మచ్చలు, గట్టిపడిన చోట్లు ఉంటే ఈ పద్ధతి తాత్కాలికమే.

లేత్ పని. డిస్క్ రెండు ముఖాలనూ లేత్ మీద సమంగా చెక్కించవచ్చు. చెక్కాక మిగిలే మందం, డిస్క్ మీద పోతపోసిన కనిష్ఠ మందానికి పైన ఉండాలి. కొత్తగా 22 మి.మీ. ఉండే డిస్కులకు ఆ హద్దు తరచూ 20 మి.మీ. డ్రమ్ముకైతే గరిష్ఠ వ్యాసం రాసి ఉంటుంది. మామూలు లేత్ షాపులో డిస్క్‌ను విడిగా బిగించి చెక్కుతారు కాబట్టి హబ్ ఊగు అలాగే మిగిలిపోతుంది. చక్‌లో సరిగా మధ్యకు రాకపోతే వెళ్లేటప్పటికంటే ఎక్కువ ఊగుతో తిరిగొస్తుంది. కారు మీదే, హబ్‌తో కలిపి చెక్కే యంత్రం ఈ రెండు లోపాలనూ తప్పిస్తుంది గాని, అది అన్ని ఊళ్లలో దొరకదు. పరిమితికి దగ్గరపడిన డిస్క్‌ను చెక్కించడం కంటే మార్చడమే మేలు. పలుచని డిస్క్ వేడిని తక్కువగా దాచుకుని అదే సమస్యను త్వరగా తిరిగి తెస్తుంది.

మార్పిడి. డిస్కులను ఒక ఇరుసుకు రెండూ కలిపే మారుస్తారు, ప్యాడ్లు కూడా కొత్తవి వేస్తారు. డిస్క్ మీద ఉన్న రక్షణ నూనెను బ్రేక్ క్లీనరుతో తుడవాలి. కాలిపర్ పిన్నులకు వేడి తట్టుకునే సిలికాన్ గ్రీజు పట్టించాలి. బిగించాక డయల్ గేజ్‌తో మళ్లీ కొలవాలి. నట్లను ఎదురెదురు వరుసలో, రెండు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి.

నలిపే పని. కొత్త ప్యాడ్లు, డిస్కులు వేశాక 60 కి.మీ. వేగం నుంచి 15 దాకా ఓ మోస్తరు బలంతో పదిసార్లు వేగం తగ్గిస్తారు. మధ్యలో కాస్త విరామం ఇస్తూ, ఎక్కడా పూర్తిగా ఆపకుండా చేయాలి. ప్యాడ్ పదార్థం పలుచగా, సమంగా పరుచుకోవడమే దీని ఉద్దేశం.

భద్రత

మందం తేడా వల్ల వచ్చే అదురు కారును వెంటనే ఆగకుండా చేయదు గాని, బ్రేక్ గట్టిగా తొక్కడానికి డ్రైవరు జంకేలా చేస్తుంది. వదులు నట్లు, బేరింగ్ ప్లే, పగిలిన డిస్క్ ఇవే లక్షణాలతో బయటపడతాయి. అందుకని పరీక్షించేదాకా అదురును తేలిగ్గా తీసుకోకూడదు. అకారణంగా పనిచేసే ఏబీఎస్ తక్కువ వేగంలో ఆగే దూరాన్ని పెంచుతుంది.

నివారణ

బ్రేకుల మీద పడే వేడిని తగ్గించడం ముఖ్యం. 1,200 కిలోల కారు 100 కి.మీ. వేగం నుంచి ఆగితే దాదాపు 460 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడి, ఒక్కోటి 5 కిలోలున్న డిస్కులైతే వాటిని సుమారు 65 డిగ్రీలు వేడెక్కిస్తుంది. అదే కారు 700 మీటర్ల ఎత్తు నుంచి ఘాట్ రోడ్డులో దిగితే 8,200 కిలోజౌళ్లు, అంటే అలాంటి 18 ఆపుళ్లంత శక్తి. తిరుమల నుంచి కిందికి దిగే దారిలోనూ, అరకు అనంతగిరి ఘాట్‌లోనూ రెండో గేరులో ఇంజిన్ పట్టు మీద దిగడం, పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా అవసరమైనప్పుడు తొక్కి వదలడం ఇందుకే. కిందికి చేరాక వేడి బ్రేకులను తొక్కిపట్టి నిలపకుండా, చదునైన దారిలో కొంత దూరం నడిపి చల్లారనివ్వాలి. వేడి చక్రాల మీద నీళ్లు కొట్టి కడిగించకూడదు.

విద్యుత్ కార్లలో పరిస్థితి

హైబ్రిడ్, విద్యుత్ కార్లలో వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేసి శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. డిస్కులు తక్కువగా అరుగుతాయి, కానీ వాడకం లేక తుప్పు పడతాయి. అందుకే వీటిలో కొన్ని నమూనాలు అప్పుడప్పుడు రాపిడి బ్రేకులనే వాడి డిస్కులను శుభ్రం చేసుకుంటాయి. పెడల్‌ను హైడ్రాలిక్ వలయం నుంచి వేరుచేసి కంప్యూటరు ద్వారా ఒత్తిడి పంపే పద్ధతి కూడా వీటిలో కొన్నిటిలో ఉంటుంది; అది మెర్సిడెస్-బెంజ్ ఎస్ఎల్ కారుతో 2001లో ఉత్పత్తిలోకి వచ్చింది. ఈ రకం కార్లలో పాదానికి తెలిసేది స్ప్రింగుల కృత్రిమ ఎదురుబలం మాత్రమే. డిస్క్ మందంలో తేడా ఉన్నా పెడల్ నిశ్చలంగా ఉంటుంది, అదురు స్టీరింగ్‌లోనూ సీటులోనూ మాత్రమే తెలుస్తుంది. లోపం గుర్తించే విధానం అక్కడ నేరుగా డయల్ గేజ్‌తోనే మొదలవుతుంది.